రైజెన్ 5 5600ఎక్స్ ఓవర్‌క్లాకింగ్: బయోస్‌లో ఏది ముందు, ఏది తర్వాత

"సినీబెంచ్ స్పీడు పరీక్ష పది నిమిషాలు ఏ గొడవా లేకుండా నడిచింది. బ్రౌజర్ తెరిచి ఊరికే కూర్చుంటే మాత్రం సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతోంది. ఎందుకు?" ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడుకు మించి నడపడం) గురించి వచ్చే ప్రశ్నల్లో సగం ఇలాంటివే. ఈ మార్గదర్శి ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. రైజెన్ 5000 వరుసలో నిలకడ తేలేది ఫుల్ లోడ్‌లో కాదు, సిస్టమ్ తీరిగ్గా ఉన్నప్పుడు. దానికి తగ్గట్టే సెట్టింగులు పెట్టాలి, పరీక్షలూ చేయాలి.

ఉదాహరణకు తీసుకున్నది రైజెన్ 5 5600ఎక్స్, బీ550 మదర్‌బోర్డు. 5600, 5800ఎక్స్, 5900ఎక్స్ ఉన్నవాళ్లకూ క్రమం ఇదే, అంకెలే మారతాయి. ఇంటెల్ వాళ్లకు, ఏఎం5 (రైజెన్ 7000 తరం సాకెట్) వాళ్లకు చివర్లో నాలుగు మాటలున్నాయి.

ఒక మాట ముందే చెప్పాలి. దీనివల్ల వచ్చే లాభం పది శాతంలోపే. గేముల్లో గ్రాఫిక్స్ కార్డే అడ్డంకి అయితే అదీ కనిపించదు. పైగా ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రాసెసర్ పాడైతే ఏఎండీ వారంటీ వర్తించదు. ఇందులో పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, పవర్ పరిమితులు పెంచే ఏఎండీ సొంత సౌకర్యం) కూడా కలిసే ఉంది. ఇవి సరే అనుకుంటేనే ముందుకు రండి.

## 1. మీ దగ్గర ఏముందో ముందు చూసుకోండి

మదర్‌బోర్డు: ఏ320 చిప్‌సెట్‌లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. బీ450, బీ550, ఎక్స్570లో ఉంది. బీ550లోనూ అన్ని బోర్డులూ ఒకటి కావు. సాకెట్ పక్కన ఉండే వోల్టేజ్ సర్క్యూట్, అంటే వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ లేని బోర్డు అయితే 5వ అంచెలో పవర్ పరిమితులు పెంచకండి. 6వ అంచె మాత్రం ధైర్యంగా చేసుకోవచ్చు.

కూలర్: 5600ఎక్స్‌తో పెట్టెలో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సెట్టింగులకు సరిపోతుంది, అంతకు మించి ఆశించకూడదు. 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ ఉంటే పని సుఖంగా సాగుతుంది. స్టెల్త్ మాత్రమే ఉన్నవాళ్లు పవర్ పెంచకుండా కర్వ్ ఆప్టిమైజర్ (కోర్‌ల వోల్టేజ్ తగ్గించే సెట్టింగు, 6వ అంచెలో ఉంది) ఒక్కటి వాడుకుంటే వేడి తగ్గి స్పీడు పెరుగుతుంది. నా దృష్టిలో చాలామందికి అదే సరైన దారి.

ర్యామ్ స్లాట్లు: నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. పక్కపక్కన పెట్టినవాళ్లు ఇప్పుడే మార్చుకోండి.

యూపీఎస్: ఇళ్లల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో ప్రాసెసర్ వాడకం ఇంకో 30, 40 వాట్లు పెరిగితే కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేయవచ్చు. ఆ రీస్టార్ట్‌ను చూసి ఓవర్‌క్లాక్ బాగాలేదనుకునే ప్రమాదం ఉంది.

దించుకోవాల్సిన సాఫ్ట్‌వేర్:

- హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 (వేడి, వోల్టేజ్, క్లాక్ చూడడానికి)
- సినీబెంచ్ ఆర్23 (స్కోరు కొలవడానికి)
- కోర్‌సైక్లర్ (ఒక్కో కోర్‌ను విడిగా పరీక్షించడానికి. ఇది తప్పనిసరి)
- మెమ్‌టెస్ట్86 (పెన్ డ్రైవ్‌లో వేసుకుని ర్యామ్ పరీక్షించడానికి)
- ఓసీసీటీ లేదా వై-క్రంచర్ (ఫుల్ లోడ్ పరీక్షకు)

## 2. బయోస్ అప్‌డేట్: ముందు బిట్‌లాకర్ సంగతి తేల్చుకోండి

బయోస్ అంటే మదర్‌బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్. పాత బయోస్‌లలో కర్వ్ ఆప్టిమైజర్ మెనూ ఉండకపోవచ్చు. అందుకని కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి బీటా కాని తాజా వెర్షన్ వేసుకోండి. మోడల్ పేరు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఒకే పేరుకు వై-ఫై ఉన్న బోర్డు, లేని బోర్డు విడివిడిగా ఉంటాయి.

అప్‌డేట్‌కు ముందు చేయాల్సినవి:

- విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవ్‌కు తాళం వేసే సౌకర్యాలు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి.
- ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఓవర్‌క్లాకింగ్ తేడా కొడితే ఫైళ్లు కూడా పాడవుతాయి.
- ఫ్యాన్ కర్వ్, బూట్ ఆర్డర్ లాంటివి ఏవైనా మార్చి ఉంటే బయోస్ తెరల ఫోటోలు తీసుకోండి. అప్‌డేట్ తర్వాత అన్నీ మొదటికి వస్తాయి.
- కరెంటు పోయే వేళ కాకుండా చూసుకుని, యూపీఎస్ మీద పెట్టి చేయండి.

అప్‌డేట్ అయ్యాక మొదటి బూట్‌లో ఎఫ్‌టీపీఎం (బిట్‌లాకర్ తాళాన్ని దాచే ప్రాసెసర్‌లోని భాగం) రీసెట్ చేయాలా అని వై, ఎన్ అడగవచ్చు. బిట్‌లాకర్ ఉన్నవాళ్లు రికవరీ కీ చేతిలో లేకుండా వై నొక్కకండి. నొక్కితే డ్రైవ్ తెరుచుకోదు.

## 3. స్టాక్‌లో కొలతలు రాసుకోండి

బయోస్‌లోకి వెళ్లడానికి సిస్టమ్ ఆన్ అవుతుండగా డిలీట్ లేదా ఎఫ్2. ఈజీ మోడ్ కనిపిస్తే ఏసుస్, ఎంఎస్ఐ బోర్డుల్లో ఎఫ్7 నొక్కితే అడ్వాన్స్‌డ్ మోడ్ వస్తుంది. "లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్" ఎంచుకుని ఎఫ్10తో సేవ్ చేసి విండోస్‌లోకి రండి.

కొన్ని బోర్డులు ఎవరూ అడగకుండానే "గేమ్ బూస్ట్", "ఆటో ఓసీ" లాంటి పేర్లతో సొంత తెలివి చూపిస్తాయి. అలాంటివేమైనా ఉంటే ఆపేయండి. కోర్ పెర్ఫార్మెన్స్ బూస్ట్ అనే మామూలు సెట్టింగు మాత్రం ఆటోలోనే ఉండాలి. దాన్ని ఆపితే ప్రాసెసర్ 3.7 గిగాహెర్ట్జ్ దాటదు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, సినీబెంచ్ మల్టీ కోర్ పది నిమిషాలు, ఆ తర్వాత సింగిల్ కోర్ ఒకసారి నడపండి. రాసుకోవాల్సినవి ఇవి:

- రెండు స్కోర్లు (స్టాక్ 5600ఎక్స్‌కు మల్టీ కోర్ సుమారు 11,000 చుట్టూ ఉంటుంది)
- అత్యధిక ఉష్ణోగ్రత
- మల్టీ కోర్ నడిచేటప్పుడు కోర్‌ల ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా నడిచిన స్పీడు)
- గది ఉష్ణోగ్రత

చివరిది చాలామంది రాసుకోరు. గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. గది ఉష్ణోగ్రత తెలియని కొలత తర్వాత దేనికీ పనికిరాదు.

స్టాక్‌లోనే 85 డిగ్రీలు దాటుతోందా? అక్కడే ఆగండి. కూలర్ స్క్రూలు సమంగా బిగించలేదు, థర్మల్ పేస్ట్ ఎండిపోయింది, దుమ్ము పేరుకుంది, లేదా క్యాబినెట్ ముందు భాగంలో గాలికి దారి లేదు. ఇది బాగుచేయకుండా ముందుకు వెళ్తే మొదటికే మోసం.

ఇంకో విషయం. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజ్ 1.4 పైన, అప్పుడప్పుడు 1.45 దాకా కనిపిస్తుంది. ఇది చూసి టెన్షన్ పడకండి. ఒకటి రెండు కోర్‌లు క్షణకాలం 4.6 గిగాహెర్ట్జ్ అందుకోవడానికి ప్రాసెసర్ తనంతట తాను అడిగే వోల్టేజ్ అది. ఆ సమయంలో కరెంటు తక్కువ కాబట్టి ప్రమాదం లేదు.

## 4. ర్యామ్ సంగతి ముందు తేల్చేయండి

ప్రాసెసర్ జోలికి వెళ్లకముందే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగు) ఆన్ చేసి పరీక్షించండి. ఏసుస్ బోర్డుల్లో డీఓసీపీ అని, ఎంఎస్ఐలో ఏ-ఎక్స్‌ఎంపీ అని కనిపిస్తుంది. ఇది కూడా ఓవర్‌క్లాకింగే. 5600ఎక్స్‌కు అధికారిక ర్యామ్ స్పీడు డీడీఆర్4-3200 మాత్రమే.

3600 ర్యామ్ అయితే ఎఫ్‌సీఎల్‌కే (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి స్పీడు) 1800 ఉండాలి. ఆటోలో వదిలేస్తే చాలా బోర్డులు అదే పెడతాయి, అయినా ఒకసారి చూసుకోండి. యూసీఎల్‌కే (మెమరీ కంట్రోలర్ స్పీడు), మెమ్‌సీఎల్‌కే (ర్యామ్ స్పీడు) సమానంగా ఉండాలి. 4000 ర్యామ్ కొనుక్కుని ఎఫ్‌సీఎల్‌కే 2000 నడపాలనుకునేవాళ్లకు ఈ తరం ప్రాసెసర్లలో చాలావాటితో కుదరదు. 3600 దగ్గర ఆగడం మంచిది. ఎస్ఓసీ వోల్టేజ్‌ను (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లేది) ఆటోలో వదిలాక 1.1 వోల్ట్ చుట్టూ ఉందో లేదో చూడండి, 1.15 దాటితే మీరే 1.1 పెట్టండి.

తర్వాత మెమ్‌టెస్ట్86. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు ఇస్తుంది, నాలుగూ పూర్తి కానివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్పీడు ఒక మెట్టు తగ్గించి మళ్లీ మొదలు. "ఒక్కటే కదా" అని వదిలేస్తే ఆ ఒక్కటే రెండు వారాల తర్వాత ప్రాసెసర్ మీద నింద వేయిస్తుంది.

## 5. పీబీఓ పరిమితులు, బూస్ట్ ఓవర్‌రైడ్

ఇప్పుడు అసలు మెనూ. ఎంఎస్ఐలో ఓసీ విభాగం కింద అడ్వాన్స్‌డ్ సీపీయూ కాన్ఫిగరేషన్‌లో, గిగాబైట్‌లో ట్వీకర్ లేదా సెట్టింగ్స్‌లో, ఏసుస్, ఆస్‌రాక్ బోర్డుల్లో అడ్వాన్స్‌డ్ కింద "ఏఎండీ ఓవర్‌క్లాకింగ్" అని ఉంటుంది. హెచ్చరిక తెర వస్తుంది, ఆక్సెప్ట్ చేస్తేనే లోపలికి వెళ్తారు.

ఒకే పీబీఓ రెండు మెనూల్లో కనిపించే బోర్డులున్నాయి. ఏసుస్‌లో ఏఐ ట్వీకర్‌లో ఒకటి, ఏఎండీ ఓవర్‌క్లాకింగ్‌లో ఇంకొకటి. రెండు చోట్లా వేర్వేరు విలువలు పెడితే ఏది అమల్లో ఉందో తెలియదు. ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ మెనూలోనే పెట్టండి, రెండోదాన్ని ఆటోలో వదిలేయండి.

పీబీఓను అడ్వాన్స్‌డ్‌కు మార్చగానే ఈ వరుసలు తెరుచుకుంటాయి:

- పీబీఓ లిమిట్స్: మాన్యువల్ పెట్టండి. "మదర్‌బోర్డు" అని పెడితే పరిమితి దాదాపు ఎత్తేసినట్టే, చవక బోర్డుల్లో అది మంచిది కాదు.
- పీపీటీ (మొత్తం పవర్), టీడీసీ (నిలకడగా తీసుకునే కరెంటు), ఈడీసీ (క్షణకాలం తీసుకునే కరెంటు): స్టాక్ విలువలు 76 వాట్లు, 60 ఆంపియర్లు, 90 ఆంపియర్లు. టవర్ కూలర్ ఉంటే 110, 75, 110తో మొదలుపెట్టండి. స్టెల్త్ కూలర్ ఉంటే స్టాక్ విలువలే ఉంచండి.
- స్కేలార్: ఆటో లేదా 1ఎక్స్. పెంచితే ఎక్కువ వోల్టేజ్ మీద ఎక్కువసేపు నిలబడుతుంది, వేడి పెరుగుతుంది. ఒరిగేదేమీ ఉండదు.
- మ్యాక్స్ సీపీయూ బూస్ట్ క్లాక్ ఓవర్‌రైడ్: 0 నుంచి 200 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు 50 పెట్టండి.
- ప్లాట్‌ఫామ్ థర్మల్ థ్రాటిల్ లిమిట్: 85. చిప్ అసలు పరిమితి 95 డిగ్రీలు, కానీ అక్కడి దాకా పోనివ్వాల్సిన అవసరం లేదు.

విలువ టైప్ చేసే ముందు యూనిట్ చూడండి. కొన్ని బయోస్‌లు వాట్లకు బదులు మిల్లీవాట్లు అడుగుతాయి. అక్కడ 110 కాదు, 110000 పెట్టాలి. 110 పెడితే ప్రాసెసర్ నత్తనడక నడుస్తుంది, "ఓవర్‌క్లాక్ చేస్తే స్లో అయింది" అని తల పట్టుకుంటారు.

బూస్ట్ ఓవర్‌రైడ్ ఎంతో ఇక్కడే తేల్చుకోవాలి. కర్వ్ పరీక్షలన్నీ అయ్యాక దీన్ని 50 నుంచి 200కు మారిస్తే ఆ పరీక్షలన్నీ చెల్లవు. ఎందుకంటే కోర్‌లు అంతకు ముందు ఎప్పుడూ తాకని క్లాక్‌కు వెళ్తాయి, అక్కడ కావాల్సిన వోల్టేజ్ వేరు.

సేవ్ చేసి విండోస్‌లో సినీబెంచ్ మల్టీ కోర్ మళ్లీ నడపండి. స్కోరు కాస్త పెరగాలి, వేడి 85 లోపు ఉండాలి. వేడి 85కు అంటుకుపోయి కూర్చుంటే పీపీటీని పదేసి వాట్ల చొప్పున తగ్గించండి.

## 6. కర్వ్ ఆప్టిమైజర్: ఓపిక అంతా ఇక్కడ కావాలి

ప్రతి కోర్‌కూ ఏ స్పీడులో ఎంత వోల్టేజ్ కావాలో చెప్పే పట్టిక ఒకటి చిప్‌లోనే ఉంటుంది. కర్వ్ ఆప్టిమైజర్ ఆ పట్టికను మొత్తంగా కిందికి లేదా పైకి జరుపుతుంది. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 30 నుంచి ప్లస్ 30 దాకా పెట్టొచ్చు. వోల్టేజ్ తగ్గితే వేడి తగ్గుతుంది, మిగిలిన జాగాలో ప్రాసెసర్ తనే స్పీడు పెంచుకుంటుంది.

"అందరూ మైనస్ 30 పెడుతున్నారు కదా, నేనూ పెడతాను" అనేది ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు. ఆరు కోర్‌లూ మైనస్ 30 మోసే చిప్‌లు ఉంటాయి, మైనస్ 8 దగ్గరే తడబడే కోర్‌లూ ఉంటాయి. పక్కవాడి అంకె మీకు పనికిరాదు.

చేయాల్సిన క్రమం:

1. రైజెన్ మాస్టర్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మీ ఉత్తమ కోర్‌లు రెండూ ఏవో చూసి రాసుకోండి. రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం, చుక్క గుర్తులతో కనిపిస్తాయి.
2. రైజెన్ మాస్టర్ కోర్‌లను 1 నుంచి లెక్కపెడుతుంది, బయోస్ 0 నుంచి. అక్కడి 3వ కోర్ బయోస్‌లో కోర్ 2. ఇది తప్పితే మొత్తం తప్పుతుంది.
3. కర్వ్ ఆప్టిమైజర్‌లో "పర్ కోర్" ఎంచుకోండి. సైన్ దగ్గర "నెగెటివ్" పెట్టండి. కొన్ని బోర్డుల్లో డీఫాల్ట్‌గా "పాజిటివ్" ఉంటుంది, చూడకుండా 15 కొడితే వోల్టేజ్ పెరుగుతుంది.
4. ఉత్తమ కోర్‌లు రెండింటికీ మైనస్ 5, మిగిలిన నాలుగింటికీ మైనస్ 15 పెట్టి మొదలుపెట్టండి.
5. కింది అంచెలోని కోర్‌సైక్లర్ పరీక్ష నడపండి. నెగ్గిన కోర్‌లకు ఇంకో మైనస్ 5, ఓడిన కోర్‌కు 3 నుంచి 5 అంకెలు సున్నా వైపు వెనక్కి.
6. హద్దు దొరికాక, ప్రతి కోర్‌కూ ఇంకో 2 అంకెలు వెనక్కి వేసి ఆపండి.

ఉత్తమ కోర్‌లకు తక్కువ మైనస్ ఎందుకంటే, అవి ఇప్పటికే తక్కువ వోల్టేజ్‌తో ఎక్కువ క్లాక్‌కు వెళ్తున్నాయి. వాటి దగ్గర పిండుకోవడానికి మిగిలింది తక్కువ. ఒకటి రెండు థ్రెడ్ల పని వచ్చినప్పుడు విండోస్ ముందు పంపేదీ వాటి దగ్గరికే, కాబట్టి క్రాష్‌లు కూడా ఎక్కువగా అక్కడే పుడతాయి.

చివరికి మీ పట్టిక ఇలా ఎగుడుదిగుడుగా తేలొచ్చు: కోర్ 0కు మైనస్ 20, కోర్ 1కి మైనస్ 8, కోర్ 2కు మైనస్ 22, కోర్ 3కి మైనస్ 5, కోర్ 4కు మైనస్ 25, కోర్ 5కు మైనస్ 18. అన్నీ ఒకేలా రాలేదని బాధపడకండి, ఒకేలా వస్తేనే అనుమానించాలి.

## 7. పరీక్షలు: తేలికపాటి లోడ్ మీదే దృష్టి

సినీబెంచ్ మల్టీ కోర్‌లో ఆరు కోర్‌లూ కలిసి 4.5, 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. ఒక్క కోర్ మాత్రమే పనిచేసేటప్పుడు అది 4.7 దాకా ఎగబాకుతుంది. ఆ పై మెట్టు మీద వోల్టేజ్ చాలకపోతే సినీబెంచ్‌కు ఎప్పటికీ తెలియదు. యూట్యూబ్ చూస్తూ కొత్త ట్యాబ్ తెరిచినప్పుడు తెలుస్తుంది.

కోర్‌సైక్లర్ చేసేది సరిగ్గా ఈ పనే. ప్రైమ్95 అనే లెక్కల పరీక్షను ఒకసారికి ఒక్క కోర్ మీదే నడుపుతూ ఒక్కొక్కదాన్నీ తిరుగుతుంది. సెట్టింగుల్లో ఎస్ఎస్ఈ మోడ్ (తేలికపాటి లెక్కల రకం) అలాగే ఉంచండి. ఏవీఎక్స్2 బరువైన పని కాబట్టి క్లాక్ తగ్గిపోతుంది, మనకు కావాల్సింది క్లాక్ అత్యధికంగా ఉన్న స్థితి.

పరీక్షల వరుస:

- మార్పు చేసిన ప్రతిసారీ: కోర్‌సైక్లర్, కోర్‌కు ఆరు నిమిషాల చొప్పున ఒక చుట్టు.
- హద్దు దగ్గరపడ్డాక: కోర్‌సైక్లర్ రాత్రంతా. పొద్దున లేచి లాగ్ చూసుకోండి, ఎర్రర్ వస్తే ఏ కోర్ అన్నది రాసి ఉంటుంది.
- ఫుల్ లోడ్: ఓసీసీటీ లేదా వై-క్రంచర్ ఒక గంట.
- ఖాళీగా: సిస్టమ్‌ను ఏమీ నడపకుండా ఒక రాత్రి వదిలేయండి. స్లీప్‌లోకి పంపి నాలుగైదుసార్లు లేపండి.
- మీ రోజువారీ పని: వారం రోజులు మామూలుగా వాడండి. ముఖ్యమైన పనులు ఆ వారంలో పెట్టుకోకండి.

ఏ పరీక్ష అయినా నెగ్గాక స్కోరు కూడా చూడాలి. వోల్టేజ్ బాగా తక్కువైనప్పుడు ప్రాసెసర్ క్రాష్ కాకుండా లోపల క్లాక్‌ను సాగదీసుకుంటుంది. తెర మీద 4.7 కనిపిస్తుంది, నిజంగా నడిచేది అంతకంటే తక్కువ. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఫుల్ లోడ్‌లో కోర్ క్లాక్, ఎఫెక్టివ్ క్లాక్ రెండూ దాదాపు కలవాలి. 100 మెగాహెర్ట్జ్ పైన తేడా ఉంటే, లేదా మైనస్ పెంచాక సినీబెంచ్ స్కోరు తగ్గితే, వెనక్కి రండి.

## 8. రీస్టార్ట్ అయితే తప్పు ఏ కోర్‌దో పట్టుకోవడం

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. సోర్స్ వరుసలో "డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్" (హార్డ్‌వేర్ ఎర్రర్లు నమోదు చేసేది) అని ఉన్న ఎర్రర్ వెతకండి. రీస్టార్ట్ అయిన సమయానికి ఈవెంట్ ఐడీ 18 కనిపిస్తే, దాని వివరాల్లో "ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ" అని ఒక అంకె ఉంటుంది.

అది 7 అనుకుందాం. ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు కాబట్టి 5600ఎక్స్‌లో 0, 1 అంటే కోర్ 0. 2, 3 అంటే కోర్ 1. 6, 7 అంటే కోర్ 3. బయోస్‌లోకి వెళ్లి కోర్ 3 విలువ మైనస్ 20 ఉంటే మైనస్ 16 చేయండి. మిగతావి ముట్టుకోవద్దు. మళ్లీ అదే కోర్ పేరు వస్తే ఇంకో నాలుగు. ఇలా పట్టుకుంటే అన్ని కోర్‌లనూ వెనక్కి లాగి సంపాదించినదంతా పోగొట్టుకోవాల్సిన పని ఉండదు.

మిగతా లక్షణాలు, వాటికి మందు:

- ఈవెంట్ ఐడీ 19 గుంపులుగా వస్తోంది, క్రాష్ లేదు: ఎక్కువసార్లు ఇది ఎఫ్‌సీఎల్‌కే బాధ. కర్వ్ జోలికి వెళ్లకండి. ఎఫ్‌సీఎల్‌కేను, ర్యామ్‌ను కలిపి ఒక మెట్టు తగ్గించండి.
- ఖాళీగా ఉన్నప్పుడు నల్ల తెర, వెంటనే రీస్టార్ట్: కర్వ్ మైనస్ ఎక్కువైంది. ఏపీఐసీ ఐడీ దొరకకపోతే ముందు ఉత్తమ కోర్‌లు రెండింటినీ వెనక్కి తీయండి.
- ఫుల్ లోడ్‌లో మాత్రమే హ్యాంగ్: వేడి, వీఆర్‌ఎం, పవర్ సప్లై, ఈ వరుసలో చూడండి. పీపీటీ, ఈడీసీ తగ్గించి చూడండి.
- బ్లూ స్క్రీన్ ప్రతిసారీ వేరే పేరుతో: ముందు ర్యామ్‌ను అనుమానించండి. ఎక్స్‌ఎంపీ ఆపి ఒకరోజు వాడి చూడండి.
- ఒకే గేమ్ మూసుకుపోతోంది, మిగతావన్నీ బాగున్నాయి: అన్ని సెట్టింగులూ స్టాక్‌కు తెచ్చి అదే గేమ్ ఆడండి. అప్పుడూ మూసుకుపోతే అది గేమ్ తప్పు.

## 9. తెర రాకపోతే

ర్యామ్ సెట్టింగులు మార్చాక బోర్డు రెండు మూడుసార్లు తనే ఆగి మళ్లీ మొదలవుతుంది. తెర ఒక నిమిషం దాకా నల్లగా ఉండొచ్చు. పవర్ బటన్ నొక్కేయకుండా కాసేపు ఆగండి. చాలా బోర్డులు విఫలమైతే తామే డీఫాల్ట్‌కు వచ్చేస్తాయి.

అప్పటికీ రాకపోతే:

1. సిస్టమ్ ఆపి, పవర్ సప్లై స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసేయండి.
2. క్యాబినెట్ పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి.
3. సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే మెమరీ) క్లియర్ పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో పది సెకన్లు కలపండి. ఏసుస్‌లో సీఎల్ఆర్‌టీసీ, ఎంఎస్ఐలో జేబ్యాట్1 అని రాసి ఉంటుంది.
4. పిన్నులు దొరక్కపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు అడ్డుగా ఉంటే ముందు అది తీయాలి.

బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటే ఏది వెలిగి ఆగిపోయిందో చూడండి. డీర్యామ్ దగ్గర ఆగితే మీ ప్రాసెసర్ సెట్టింగులతో దానికి సంబంధం లేదు.

సెట్టింగులు ఖరారైన ప్రతిసారీ బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి. ఎఫ్‌ఏటీ32 పెన్ డ్రైవ్ పెట్టి ఎఫ్12 నొక్కితే ఆ తెర ఫోటోగా సేవ్ అవుతుంది. పేజీకొకటి తీసుకుంటే సీమాస్ క్లియర్ అయినా భయం లేదు.

## 10. పాత పద్ధతి ఎవరికి?

మల్టిప్లయర్ 45 (100 మెగాహెర్ట్జ్‌కు 45 రెట్లు), వోల్టేజ్ 1.25 అని స్థిరంగా పెట్టేసే పద్ధతి ఇంకా చాలామంది అడుగుతారు. రైజెన్ 5000లో ఇలా చేస్తే అన్ని కోర్‌లూ 4.5 దగ్గర ఆగిపోతాయి, సింగిల్ కోర్ బూస్ట్ పోతుంది. గేములు, ఆఫీసు పని, బ్రౌజింగ్‌కు ఇది నష్టమే. రోజంతా రెండరింగ్ నడిపేవాళ్లకు తప్ప నేను సిఫారసు చేయను.

చేయాలనే అనుకుంటే ఫుల్ లోడ్‌లో వోల్టేజ్ 1.3 దాటనివ్వకండి. లోడ్ లైన్ కాలిబ్రేషన్ (లోడ్ పెరిగినప్పుడు వోల్టేజ్ పడిపోకుండా చూసే సెట్టింగు) దగ్గర మాత్రం జాగ్రత్త. ఏసుస్‌లో అంకె పెరిగేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. ఎంఎస్ఐ, ఆస్‌రాక్‌లలో తిరగేసి, 1 అంటేనే అత్యంత తీవ్రం. ఒక బోర్డు వీడియో చూసి ఇంకో బోర్డులో అదే అంకె పెడితే వోల్టేజ్ అనుకోనంత ఎగిరిపోతుంది. ఏ బోర్డులోనైనా మధ్య స్థాయి చాలు.

## 11. వేరే ప్రాసెసర్లు ఉన్నవాళ్లకు

ఇంటెల్: పేరు చివర కే ఉన్న ప్రాసెసర్, జెడ్ వరుస చిప్‌సెట్ రెండూ ఉండాలి. బీ660, బీ760లలో ర్యామ్ స్పీడు పెంచుకోవచ్చు, ప్రాసెసర్ మల్టిప్లయర్ పెంచలేరు. 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 ఉన్నవాళ్లు ఓవర్‌క్లాకింగ్ మాట పక్కనపెట్టి ముందు బయోస్ చూసుకోండి. వోల్టేజ్ అతిగా అడగడం వల్ల చిప్‌లు పాడవుతున్నాయని తేలి ఇంటెల్ 2024లో 0ఎక్స్129, 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (బయోస్‌తో వచ్చే ప్రాసెసర్ సవరణలు) ఇచ్చింది. అవి ఉన్న బయోస్ వేసి, "ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్" పెట్టుకోండి.

ఏఎం5: రైజెన్ 7000 ఎక్స్ చిప్‌లు 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారైనవే, ఆ అంకె చూసి కంగారు వద్దు. కర్వ్ ఆప్టిమైజర్ ఇక్కడా ఇలాగే పనిచేస్తుంది. ఎస్ఓసీ వోల్టేజ్ మాత్రం 1.3 దాటకూడదు. 2023లో 7000ఎక్స్3డీ చిప్‌లు కాలిపోయిన ఘటనల తర్వాత ఏఎండీ ఆ హద్దు పెట్టింది. పాత బయోస్ వాడుతున్నవాళ్లు ముందు అప్‌డేట్ చేయండి.

5800ఎక్స్3డీ: మల్టిప్లయర్‌ను ఏఎండీయే బిగించేసింది. మంచి కూలర్ పెట్టి వదిలేయండి.

## 12. ఎండాకాలంలో మళ్లీ చూడాలి

డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 72 దగ్గర నిలిచిన ప్రాసెసర్, మేలో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 88 వైపు పరుగెడుతుంది. 85 హద్దు పెట్టి ఉంటే అక్కడే ఆగి స్పీడు తగ్గించుకుంటుంది. రామగుండం, రెంటచింతల వైపు ఉన్నవాళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు. చలికాలంలో ఖరారు చేసిన సెట్టింగులను ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం వేళ ఒకసారి ఓసీసీటీ అరగంట, కోర్‌సైక్లర్ ఒక చుట్టుతో సరిచూడండి. అవసరమైతే వేసవికి 76 వాట్లతో ఒక ప్రొఫైల్, మిగతా కాలానికి 110తో ఒకటి విడిగా సేవ్ చేసుకోండి.

దీనికి వ్యతిరేకంగా జరిగేదీ ఒకటుంది. మేలో ఖరారు చేసిన కర్వ్ చలికాలంలో తెల్లవారుజామున ఎర్రర్ ఇవ్వొచ్చు. చల్లగా ఉన్నప్పుడు ప్రాసెసర్ ఇంకో 25, 50 మెగాహెర్ట్జ్ పైకి వెళ్తుంది, వేసవిలో ఎప్పుడూ తాకని ఆ మెట్టు అప్పుడు తాకుతుంది. 6వ అంచెలో 2 అంకెలు వెనక్కి వేసింది ఇందుకే. అది చాలకపోతే ఎర్రర్ ఇచ్చిన కోర్‌ను ఇంకో 2 జరపండి.

ఎప్పుడైనా బయోస్ అప్‌డేట్ చేస్తే పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రొఫైల్‌ను కొత్తదాంట్లో లోడ్ చేయకండి. మెనూల వరుసలు మారి విలువలు వేరేచోట పడొచ్చు. ఎఫ్12తో తీసుకున్న ఫోటోలు పక్కన పెట్టుకుని చేత్తో టైప్ చేయండి. ఆ తర్వాత కోర్‌సైక్లర్ ఇంకో రాత్రి.